మరచిన పాఠం గుర్తుచేసే మందులు

ఒక్కసారి మీ చూపుడు వేలి గోరు చూసుకోండి. తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళి మీ కన్ను చూసుకోండి. గోరు గట్టిది, మొద్దుది. కత్తిరించినా నొప్పి తెలియదు. కన్ను సుకుమారమైనది; చిన్న నలుసు పడితే చాలు, నీరు కారుస్తుంది. ఇంత తేడా ఉన్న ఈ రెండింటి కణాలలోనూ ఉన్నవి ఒకే జన్యువులంటే నమ్ముతారా? నమ్మవలసిందే. మీరు తల్లి గర్భంలో ఒకే ఒక్క కణంగా మొదలయ్యారు. ఆ ఒక్కటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరిగింది. ప్రతిసారీ అవే జన్యువులకు నకలు తయారై పిల్ల కణాలకు అందింది.

మరి గోరు మొలిచే చోట కన్ను ఎందుకు మొలవదు? కాలేయంలో వెంట్రుకలు ఎందుకు పుట్టవు?

చిన్నపిల్లల ప్రశ్నలా ఉంది కదూ? కాని ఈ ప్రశ్న వెంట పోయిన శాస్త్రజ్ఞులు చివరకు కాన్సరు వ్యాధికి కొన్ని కొత్త మందుల దగ్గర తేలారు. ఎలాగో చూద్దాం.

ఒకే పుస్తకం, వేరువేరు పాఠాలు

మన శరీరంలోని కణాలలో కేంద్రకం ఉంటుందనీ, అందులో డి.ఎన్.ఏ. ఉంటుందనీ మీరు జీవశాస్త్రంలో చదువుకున్నారు. ఒక్క కణంలోని డి.ఎన్.ఏ.నంతా సాగదీసి కొలిస్తే సుమారు 2 మీటర్లుంటుంది. దాన్ని ఒక పుస్తకమనుకోండి. ఈ పుస్తకం నాలుగే అక్షరాలతో రాసినది: ఎడినీను, థైమీను, గ్వానీను, సైటోసీను. అందులో ప్రోటీన్లను తయారుచేసే పాఠాలు దాదాపు 20,000 ఉన్నాయి. ఒక్కొక్క పాఠం ఒక్కొక్క జన్యువు.

ప్రతి కణం దగ్గరా మొత్తం పుస్తకం ఉంటుంది. కాని ఏ కణమూ పుస్తకమంతా చదవదు. ఎర్ర రక్తకణంగా మారబోయే కణం హిమోగ్లోబిను పాఠం చదువుతుంది. కండరకణం కండర ప్రోటీన్ల పాఠం చదువుతుంది. తక్కిన పేజీలు మూసి ఉంటాయి. అంటే కణాల మధ్య తేడా పుస్తకంలో లేదు, తెరిచిన పేజీలలో ఉంది. మీ తరగతిలో అందరికీ ఒకే పాఠ్యపుస్తకం ఉన్నా, ఒకరు మూడవ పాఠం, మరొకరు పదవ పాఠం తెరిచి కూర్చున్నట్లు అన్నమాట.

అక్షరాలను మార్చకుండా, ఏ పేజీ తెరవాలో ఏది మూయాలో నిర్ణయించే ఏర్పాట్లను చదివే శాస్త్రానికి 'ఎపిజెనెటిక్స్' అని పేరు. 'ఎపి' అంటే గ్రీకు భాషలో 'పైన' అని అర్థం. ఈ పదాన్ని 1942లో వాడుకలోకి తెచ్చినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వాడింగ్టన్.

పేజీలను మూసే రెండు ఉపాయాలు

కణం పేజీలను ఎలా మూస్తుంది? ఉపాయాలు చాలా ఉన్నాయి. మనకు కావలసినవి రెండు.

మొదటిది గుర్తు పెట్టడం. ఒక కార్బన్ పరమాణువూ, మూడు హైడ్రోజన్ పరమాణువులూ కలిసిన చిన్న గుంపును మిథైల్ సమూహం అంటారు. కణం దీన్ని తీసుకుపోయి సైటోసీను అక్షరానికి తగిలిస్తుంది. ముఖ్యంగా సైటోసీను పక్కనే గ్వానీను ఉన్న చోట్ల. అక్షరం మారదు. పక్కన పెన్సిలుతో 'చదవవద్దు' అని రాసినట్లు అవుతుంది. జన్యువు మొదట్లో ఇలాంటి గుర్తులు గుంపుగా పడితే ఆ జన్యువు మూగపోతుంది.

కణం విభజన చెందేటప్పుడు డి.ఎన్.ఏ.కు నకలు తయారవుతుంది కదా, మరి ఈ గుర్తుల సంగతేమిటి? దానికొక ఎంజైము ఉంది. పాత పోగు మీద గుర్తులు ఎక్కడున్నాయో చూసి, కొత్త పోగు మీద సరిగ్గా అక్కడే పెట్టుకుంటూ పోతుంది. దాని అసలు పేరు డి.ఎన్.ఏ. మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్. ఆ పేరు పొడుగు కనుక మనం దీన్ని 'గుమాస్తా' అందాం. పాత దస్తావేజు చూసి కొత్త దస్తావేజులో గుర్తులు ఎక్కించడమే ఈ గుమాస్తా పని. ఇతడివల్లనే కాలేయ కణానికి పుట్టిన కణం తాను కాలేయ కణమేనని గుర్తుంచుకుంటుంది. ఈ గుర్తులే కణానికి జ్ఞాపకశక్తి అయి ఉండవచ్చునని 1975లో అమెరికాలో రిగ్స్, బ్రిటన్‌లో హాలిడే, పఫ్ విడివిడిగా సూచించారు.

రెండవ ఉపాయం బిగించి చుట్టడం. రెండు మీటర్ల డి.ఎన్.ఏ. మిల్లీమీటరులో నూరవ వంతు కూడా లేని కేంద్రకంలో ఎలా ఇముడుతుంది? నేతపనిలో కండెకు నూలు చుట్టినట్లు, హిస్టోనులనే ప్రోటీన్ల ఉండలకు డి.ఎన్.ఏ. చుట్టుకుని ఉంటుంది. ఒక్కొక్క ఉండలో ఎనిమిది హిస్టోనులు; దాని చుట్టూ 147 అక్షరాల జంటలు, ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువ. హిస్టోనుల తోకలకు ఎసిటైల్ సమూహాలు తగిలితే చుట్ట వదులవుతుంది, పాఠం చదవటానికి వీలవుతుంది. ఆ ఎసిటైల్ సమూహాలను ఊడదీసే ఎంజైములు కొన్ని ఉన్నాయి. అవి పని చేస్తే చుట్ట బిగుసుకుంటుంది, పాఠం మూతపడుతుంది. హిస్టోనులకు ఎసిటైల్ తగలడానికీ, జన్యువులు పని చేయడానికీ సంబంధం ఉందని 1964లోనే అమెరికాలో విన్సెంట్ ఆల్‌ఫ్రీ, ఆయన సహచరులు చెప్పారు.

తప్పు అచ్చులోనా, మూతలోనా?

కాన్సరు కణం అంటే ఎదుగూ పొదుగూ మరచి, విభజన మాత్రమే గుర్తుంచుకున్న కణం. మామూలు కణంలో విభజనను ఆపే 'బ్రేకు' జన్యువులు ఉంటాయి. అవి పని చేయకపోతే కణం ఆగదు. ఎందుకు పని చేయవు? చాలాకాలం దీనికి ఒకే జవాబు చెప్పేవారు: జన్యువులో అచ్చుతప్పు పడింది, అంటే అక్షరాలు మారిపోయాయి అని. ఇది నిజమే, చాలా కాన్సర్లలో ఇదే జరుగుతుంది.

కాని ఇంకో సంగతి కూడా బయటపడింది. కొన్ని కాన్సరు కణాలలో బ్రేకు జన్యువు అక్షరం పొల్లుపోకుండా ఉంది. అయినా పని చేయడంలేదు. చూస్తే దాని మొదట్లో మిథైల్ గుర్తులు దట్టంగా పడి ఉన్నాయి! పాఠం చెరిగిపోలేదు, ఎవరో ఆ పేజీలు అంటించేశారు. మరో విచిత్రం: అదే కణంలో మరికొన్ని చోట్ల, గుర్తులు ఉండవలసిన దగ్గర లేవు. ఇలా గుర్తులు పోవడాన్ని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ చూపించారు. అంటే కాన్సరు కణంలో గుర్తుల వ్యవస్థ అంతా తారుమారైందన్నమాట.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అచ్చుతప్పు పడిన పుస్తకాన్ని మాత్ర మింగి సరిచేయలేం. కాని అంటుకున్న పేజీలైతే? విడదీయవచ్చు. చెరిగిన అక్షరానికీ, మూసిన పేజీకీ ఉన్న తేడా ఒక రోగికి నిరాశకూ ఆశకూ ఉన్న తేడా. సరే, పేజీలు విడదీసే మందు ఎలా దొరికింది? నిజం చెప్పాలంటే అది అప్పటికే సీసాలో ఉంది. దాన్ని వేరే పనికి తయారుచేశారు.

ప్రేగ్ నగరంలో పుట్టిన నకిలీ అక్షరం

ఈ కథకు ముందు మన తెలుగువాడి ప్రస్తావన ఒకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు వినే ఉంటారు. ఆయన ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఎమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేశారు. ఇది ఫోలిక్ ఆమ్లానికి నకిలీ. కణం దీన్ని అసలు ఫోలిక్ ఆమ్లమనుకుని తీసుకుని మోసపోతుంది. విభజనకు కావలసిన సరుకు తయారు చేసుకోలేకపోతుంది. 1947, 1948 సంవత్సరాలలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దీన్ని రక్త కాన్సరు వచ్చిన పిల్లలకు ఇస్తే, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా అణిగింది. అంతవరకు ఆ వ్యాధికి పని చేసే మందే లేదు.

దానితో 'నకిలీ సరుకు' ఆలోచన ప్రపంచమంతా పాకింది. ఫోలిక్ ఆమ్లానికి నకిలీ చేసినట్లే డి.ఎన్.ఏ. అక్షరాలకూ నకిలీలు చేస్తే? 1964లో చెకొస్లొవేకియాలోని ప్రేగ్ నగరంలో పిస్కాల, షోర్మ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు సైటోసీనుకు అలాంటి నకిలీ తయారుచేశారు. సైటోసీను ఆరు మూలల వలయం. అందులో 5వ మూలలో ఉండే కార్బన్‌కు బదులు నైట్రోజన్‌ను పెట్టారు. తక్కినదంతా యథాతథం. ఇదే ఎజాసైటిడిన్. దీనికి దగ్గరి చుట్టం డెసిటబిన్ కూడా అదే ఏడాది అక్కడే పుట్టింది.

వాళ్ళ ఉద్దేశం కాన్సరు కణాలను చంపడమే. 1970 దశకంలో రక్త కాన్సరు రోగులకు దీన్ని పెద్ద మోతాదులలో ఇచ్చి చూశారు. కాన్సరు కణాలు చచ్చాయి గాని, మంచి కణాలు కూడా చచ్చాయి. విపరీతమైన వాంతులు, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవడం. ఆశించినంత మేలు కనిపించలేదు. ఎన్నో మందుల కథలు ఇక్కడే ముగిసిపోతాయి. దీని కథ ముగియలేదు. ఎందుకంటే ఎవరో ఒక గాజు పళ్ళెంలోకి తొంగి చూశారు.

పళ్ళెంలో కదిలిన కండరం

పీటర్ జోన్స్, ఆయన సహచరులు ఎలుక పిండం నుంచి తీసిన కణాలను గాజు పళ్ళేలలో పెంచుతూ, వాటిమీద ఎజాసైటిడిన్ వేసి పరీక్షిస్తున్నారు. ఆ కణాలు మామూలుగా పళ్ళెం అడుగున చదునుగా పరుచుకుని ఉండే కణాలు. వాటిలో కండర లక్షణం ఏమీ లేదు. మందు వేసిన తర్వాత కొన్నాళ్ళకు చూస్తే పళ్ళెంలో పొడుగాటి కండర తంతువులు ఉన్నాయి! అవి నిజమైన కండరంలాగే సంకోచించాయి కూడా. ఈ సంగతి 1977లో ప్రకటించారు. తర్వాత అవే పళ్ళేలలో కొవ్వుకణాలూ, మృదులాస్థి కణాలూ కూడా కనిపించాయి.

విషమని వేసిన పదార్థం కణాలకు కొత్త విద్య నేర్పిందా? నేర్పలేదు. కణాల దగ్గర ఉన్న పుస్తకంలో కండరం పాఠం ముందునుంచీ ఉంది. మందు ఆ పేజీలను తెరిచింది, అంతే.

ఇది ఊహ కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. 1980లో లాస్ ఏంజెలిస్‌లో జోన్స్, షర్లీ టేలర్ దీన్ని చక్కగా పరీక్షించారు. సైటోసీను నకిలీలను చాలావాటిని తీసుకున్నారు. 5వ మూలలో మార్పు ఉన్న నకిలీలు డి.ఎన్.ఏ. మీద మిథైల్ గుర్తులు పడకుండా చేశాయి, కండరాన్నీ పుట్టించాయి. మార్పు 6వ మూలలో ఉన్న నకిలీ ఆ రెండు పనులూ చేయలేదు. మిథైల్ గుర్తు పడేది సరిగ్గా 5వ మూలలోనే! ఒక్క మూల తేడాతో రహస్యం బయటపడింది.

గుమాస్తా ఎలా చిక్కుకుంటాడు?

ఇప్పుడు మన గుమాస్తా పని చేసే తీరు చూద్దాం. అతడు సైటోసీను 6వ మూలను చేత్తో పట్టుకుంటాడు. 5వ మూలలో మిథైల్ తగిలిస్తాడు. ఆ మూలలో ఉన్న హైడ్రోజన్‌ను తీసేస్తాడు. హైడ్రోజన్ పోగానే అతడి పట్టు దానంతట అదే వదులుతుంది. తర్వాతి గుర్తు దగ్గరికి నడుస్తాడు.

నకిలీ అక్షరం దగ్గర ఏమవుతుంది? 6వ మూలను పట్టుకుంటాడు. 5వ మూలలో నైట్రోజన్ ఉంది. తీసేయడానికి అక్కడ హైడ్రోజన్ లేదు. ఇక పట్టు వదలదు. పనసకాయ బంకలో కాలు పెట్టిన ఈగలా గుమాస్తా అక్కడే అతుక్కుపోతాడు. అలా అతుక్కుపోయిన ఎంజైమును కణం ముక్కలు చేసి పారేస్తుంది. కొంతసేపటికి కణంలో గుమాస్తాలు కరువవుతారు.

అయితే పాత గుర్తులు వెంటనే చెరిగిపోవు. కణం విభజన చెందాలి. డి.ఎన్.ఏ.లో రెండు పోగులున్నాయి. నకలు తీసినప్పుడు ఒక్కొక్క పాత పోగుకు ఒక కొత్త పోగు జత అవుతుంది. గుమాస్తా లేడు కనుక కొత్త పోగు మీద గుర్తులు పడవు. ఒక విభజన తర్వాత పోగులలో సగానికే గుర్తులుంటాయి. రెండవ విభజనకు నాలుగవ వంతు, మూడవదానికి ఎనిమిదవ వంతు. ఇలా కొన్ని తరాలలో పేజీలు తెరుచుకుంటాయి. జోన్స్ పళ్ళెంలో కండరం మర్నాడే కాక కొన్నాళ్ళకు కనిపించడానికి కారణం ఇదే.

తక్కువ మోతాదే ఎక్కువ పని

ఇప్పుడు మొదటి రోజులలో జరిగిన పొరపాటు మీకే తెలిసి ఉంటుంది. మందు గుర్తులు పోగొట్టాలంటే కణం బ్రతికి ఉండి విభజన చెందాలి. పెద్ద మోతాదు ఇస్తే కణం చస్తుంది లేదా విభజన ఆగిపోతుంది. ఇక గుర్తులు పోయేదెలా? మందు అదే, కాని దానితో చేయవలసిన పని వేరు. పని మారితే మోతాదు కూడా మారాలి.

డెసిటబిన్‌ను తొలి పరీక్షలలో ఒక విడతకు శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 1500 మిల్లీగ్రాములు, అంతకు మించి కూడా ఇచ్చి చూశారు. తర్వాత స్థిరపడిన ఒక పద్ధతిలో రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు, అంటే మొత్తం 100. పదిహేనవ వంతు! ఎజాసైటిడిన్‌ను చదరపు మీటరుకు రోజుకు 75 మిల్లీగ్రాముల చొప్పున 7 రోజులు చర్మం కింద సూదిమందుగా ఇస్తారు. 28 రోజులకొకసారి మళ్ళీ ఇస్తారు.

ఎవరికి? మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే వ్యాధి ఉన్నవారికి. ఇది ఎక్కువగా వృద్ధులకు వస్తుంది. ఎముకల మూలుగలో రక్తకణాలు పుడతాయి కాని ఎదిగి పనికి రావు. ఎర్రకణాలు చాలక ఆయాసం, తెల్లకణాలు చాలక అంటువ్యాధులు, ప్లేట్‌లెట్లు చాలక రక్తస్రావం. కొందరిలో ఇది ముదిరి రక్త కాన్సరుగా మారుతుంది. ఈ రోగులలో చాలామందికి తరచుగా రక్తం ఎక్కించడం తప్ప డాక్టర్లు చేయగలిగింది ఒకప్పుడు పెద్దగా ఉండేది కాదు.

అమెరికాలో 191 మంది రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఎజాసైటిడిన్ ఇచ్చినవారిలో నూటికి 60 మందికి ఎంతో కొంత గుణం కనిపించింది. మందు ఇవ్వకుండా తక్కిన సంరక్షణ మాత్రమే చేసినవారిలో నూటికి 5 మందికే. 2004లో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చింది. ప్రేగ్‌లో పుట్టిన 40 ఏళ్ళకు! డెసిటబిన్‌కు 2006లో అనుమతి వచ్చింది.

మందు ఆయుష్షు పెంచిందా? 2009లో వెలువడిన మరో పరీక్షలో వ్యాధి తీవ్రంగా ఉన్నవారు 358 మంది పాల్గొన్నారు. అప్పటి మామూలు చికిత్సలు పొందినవారిలో సగం మంది 15 నెలలు దాటి జీవించారు. ఎజాసైటిడిన్ పొందినవారిలో సగం మంది 24.5 నెలలు దాటారు. తొమ్మిది నెలలకు పైగా తేడా. మీకు ఇది ఒక విద్యాసంవత్సరం. ఒక తాతగారికి మనుమరాలి పెళ్ళి చూడగలగడమో, చూడలేకపోవడమో కావచ్చు.

పేటెంటు మందులు మొదట చాలా ఖరీదుగా ఉంటాయి. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ తన తయారీ ఎజాసైటిడిన్‌ను 2013లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. సుబ్బారావుతో మొదలైన కథలో తెలుగునాటి ప్రస్తావన ఇలా మళ్ళీ వచ్చింది.

ఎర్రబడిన కణాలు

మిథైల్ గుర్తుల కథ ఇది. మరి రెండవ ఉపాయం, బిగించి చుట్టడం సంగతి? దాన్ని వదులు చేసే మందు కూడా దొరికింది. ఆ కథ 1971లో న్యూయార్క్‌లో మొదలైంది. ఛార్లొట్ ఫ్రెండ్ అనే శాస్త్రజ్ఞురాలు ఎలుకల రక్త కాన్సరు కణాలను పెంచుతున్నది. ఆ కణాలు ఎర్రకణాలుగా ఎదగవలసినవి, ఎదగకుండా ఆగిపోయినవి. ఆ ద్రవంలో డైమిథైల్ సల్ఫాక్సైడు అనే మామూలు ద్రావకం కలిపితే, కణాలు హిమోగ్లోబిను తయారుచేయడం మొదలుపెట్టి ఎర్రబడ్డాయి. మరచిపోయిన పాఠం గుర్తు వచ్చినట్లు!

పాల్ మార్క్స్ అనే వైద్యుడు, రిఛర్డ్ రిఫ్‌కిండ్, రసాయన శాస్త్రజ్ఞుడు రోనాల్డ్ బ్రెస్లో దీని వెంట పడ్డారు. ద్రావకం పనిచేస్తున్నది సరే, కాని మనిషికి ఇవ్వాలంటే చాలా ఎక్కువ కావాలి. ఇంకా బలమైనది తయారు చేయాలి. 1976లో ఒక పదార్థం చేశారు: మధ్యలో కార్బన్ గొలుసు, రెండు చివరలా రెండు తలలు. అది బాగానే పని చేసింది గాని, రోగులలో ప్లేట్‌లెట్లను పడగొట్టింది. మళ్ళీ మొదటికి వచ్చారు. తలలు మార్చి, గొలుసు మార్చి, ఎన్నో పదార్థాలు చేసి చూశారు. చివరకు వొరినోస్టాట్ దొరికింది.

తమాషా ఏమిటంటే ఇది కణంలో దేన్ని పట్టుకుంటుందో చాలాకాలం వాళ్ళకే తెలియదు. తాళం తెరుచుకుంది గాని ఏ తాళమో తెలియలేదు. ఈలోగా జపాన్‌లో యోషిదా, ఆయన సహచరులు ట్రైకోస్టాటిన్ అనే మరో పదార్థం హిస్టోనుల ఎసిటైల్ ఊడదీసే ఎంజైములను ఆపుతుందని 1990లో చూపించారు. వొరినోస్టాట్ ఆకారం కూడా అలాంటిదే. పరీక్షిస్తే అదీ ఆ ఎంజైములనే ఆపుతున్నదని 1990 దశకం చివరలో తేలింది. ఆ ఎంజైములో ఒక సన్నని గొట్టంలాంటి గుంట ఉంటుంది. దాని అడుగున ఒక జింకు అయాను ఉంటుంది. వొరినోస్టాట్ తన ఒక చివరతో జింకును పట్టుకుంటుంది, గొలుసుతో గొట్టాన్ని నింపుతుంది, రెండవ చివరతో బిరడాలా మూతి మూస్తుంది. ఎంజైము పని ఆగుతుంది. ఎసిటైల్ నిలిచి, చుట్ట వదులవుతుంది.

2006లో దీనికి అమెరికాలో అనుమతి వచ్చింది. చర్మంలో చేరే ఒక రకం లింఫోమా అనే కాన్సరుకు, ఇతర మందులు పని చేయనప్పుడు గొట్టం మాత్రలుగా ఇస్తారు. పదిమందిలో ముగ్గురికి గుణం కనిపించింది. ఫ్రెండ్ పళ్ళెం నుంచి రోగి చేతిలోకి రావడానికి 35 ఏళ్ళు పట్టింది.

ఇవన్నీ చిన్న అణువులు ఎందుకయ్యాయో కూడా గమనించండి. కొన్ని కాన్సర్లకు యాంటీబాడీలనే మందులు ఇస్తారు. వాటి అణుభారం సుమారు 1,50,000. అంత పెద్దవి కణం లోపలికి సులభంగా పోలేవు. బయటనే పని చేస్తాయి. కాని మన పుస్తకం కేంద్రకంలో ఉంది. అక్కడిదాకా దూరిపోవాలంటే చిన్నవే కావాలి. ఎజాసైటిడిన్ అణుభారం 244 మాత్రమే.

ఈ మందులు చేయలేనివి

ఇంతవరకు చదివి, కాన్సరుకు మంత్రదండం దొరికిందని అనుకోకండి. ఈ మందులు వ్యాధిని అణుస్తాయి గాని, ఎక్కువమందిలో పూర్తిగా నయం చేయవు. మందు ఆపితే గుమాస్తాలు మళ్ళీ పుట్టి, గుర్తులు మళ్ళీ పడతాయి. కొన్నాళ్ళకు వ్యాధి మందుకు లొంగని స్థితి కూడా వస్తుంది. మందు ఫలానా పేజీ మాత్రమే తెరువు అంటే వినదు. ఎన్నో చోట్ల ఒకేసారి గుర్తులు పోతాయి. తక్కువ మోతాదులో కూడా రక్తకణాలు తగ్గుతాయి, అంటువ్యాధుల భయం ఉంటుంది. రక్త సంబంధమైన కాన్సర్లలో కనిపించిన మేలు ఊపిరితిత్తులు, పెద్దప్రేగు వంటి అవయవాలలో గడ్డలుగా పెరిగే కాన్సర్లలో అంతగా కనిపించలేదు. మందు నిజంగా రోగిలో ఏయే దారులలో పని చేస్తున్నదనే విషయం మీద పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి.

అందుకే వీటిని ఇతర మందులతో కలిపి వాడుతున్నారు. పెద్ద చికిత్సలను తట్టుకోలేని తీవ్ర రక్త కాన్సరు రోగులకు ఎజాసైటిడిన్‌తోపాటు వెనెటోక్లాక్స్ అనే మరో చిన్న అణువు ఇచ్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితాలలో, ఎజాసైటిడిన్ ఒక్కటే పొందినవారిలో సగం మంది 9.6 నెలలు దాటగా, రెండూ పొందినవారిలో సగం మంది 14.7 నెలలు దాటారు.

గుర్తులను మరో వైపునుంచి సరిచేసే మందులు కూడా వచ్చాయి. మిథైల్ గుర్తులను తీసివేయడానికి తోడ్పడే ఎంజైములు కూడా కణంలో ఉన్నాయి. కొన్ని రక్త కాన్సర్లలో, అచ్చుతప్పు పడిన ఒక ఎంజైము తప్పుడు పదార్థాన్ని తయారుచేసి వీటి చేతులు కట్టేస్తుంది. ఆ తప్పుడు పదార్థం పుట్టకుండా ఆపే ఎనాసిడెనిబ్‌కు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది వాడిన కొందరు రోగులలో కాన్సరు కణాలు చావడానికి బదులు ఎదిగి మామూలు తెల్లకణాలుగా మారడం డాక్టర్లు చూశారు.

గోరు దగ్గరికి మళ్ళీ

మళ్ళీ ఒకసారి మీ గోరు చూసుకోండి. దాని వేరు దగ్గర ఉన్న కణాలలో కన్ను పాఠం, కాలేయం పాఠం, గుండె పాఠం అన్నీ ఉన్నాయి. అవి బుద్ధిగా మూసి ఉన్నాయి కనుకనే మీరు మీరుగా ఉన్నారు. తెరవడం ఎంత అవసరమో, మూయడమూ అంతే అవసరం.

శత్రువును చూస్తే చంపాలని తోస్తుంది. ఎజాసైటిడిన్‌ను మొదట చంపడానికే వాడారు. అది సరిగా సాగలేదు. అదే మందును, దారి తప్పిన కణానికి మరచిన పాఠం గుర్తుచేయడానికి కొద్దికొద్దిగా వాడినప్పుడు మేలు కనిపించింది. మందు మారలేదు, దాన్ని చూసే చూపు మారింది. ఆ చూపు మార్చినవి ఎలుక కణాలున్న ఒక పళ్ళెమూ, అందులో కదిలినదేమిటని ఆగి చూసిన కళ్ళూ.

మీరే చేసి చూడండి

1. సమాన పొడవున్న కాగితం పట్టీలు 16 కత్తిరించండి. రెండు పట్టీల మీద ఎర్ర సిరాతో నాలుగు చుక్కలు పెట్టి జతచేయండి. ఇదే డి.ఎన్.ఏ.; చుక్కలు మిథైల్ గుర్తులు. ఇప్పుడు జతను విడదీసి, ఒక్కొక్క పట్టీకి చుక్కలు లేని కొత్త పట్టీని జత చేయండి. గుమాస్తా లేడు కనుక కొత్తవాటిమీద చుక్కలు పెట్టకండి. ఇలా మూడుసార్లు చేయండి. చివరకు ఎన్ని జతలున్నాయి? వాటిలో చుక్కలు బొత్తిగా లేని జతలు ఎన్ని?

2. ఎజాసైటిడిన్ అణువులో కార్బన్‌లు 8, హైడ్రోజన్‌లు 12, నైట్రోజన్‌లు 4, ఆక్సిజన్‌లు 5 ఉంటాయి. వొరినోస్టాట్‌లో కార్బన్‌లు 14, హైడ్రోజన్‌లు 20, నైట్రోజన్‌లు 2, ఆక్సిజన్‌లు 3. పరమాణుభారాలు వరుసగా 12, 1, 14, 16గా తీసుకుని రెండింటి అణుభారాలు లెక్కకట్టండి.

3. విభజన చెందని కణం మీద ఎజాసైటిడిన్ వేస్తే గుర్తులు ఈ పద్ధతిలో తగ్గుతాయా? ఎందుకు?

జవాబులు: 1. ఎనిమిది జతలు, చుక్కలు లేనివి ఆరు. 2. 244, 264. 3. తగ్గవు. నకిలీ అక్షరం డి.ఎన్.ఏ.లో చేరాలన్నా, గుర్తులు లేని కొత్త పోగు తయారు కావాలన్నా విభజనకు ముందు డి.ఎన్.ఏ.కు నకలు తయారు కావాలి.